అంచుదాకా పోసిన టీ

జబ్బు నన్ను వదిలింది గానీ పరామర్శ వదల్లేదు.

ఆ చలికాలం మా లోయలోకి దిగిన వైరస్, గడియ వెయ్యని దొడ్లోకి తోడేలు దూరినట్టు ఇంటింటా దూరింది. ముందు దగ్గు, తర్వాత జ్వరం, ఆ తర్వాత రొమ్ము మీద ఎవరో తిరగలిరాయి పెట్టి వెళ్ళిపోయినట్టు బరువు. జిల్లా ఆసుపత్రిలో నా ముక్కుకి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. పక్క మంచం మీది మనిషి ఒక పొద్దున లేదు. నేను ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా ఆయన మెదెర్‌నీ మా అత్తగారినీ ఎదురుగా నిలబెట్టి మరీ చెప్పింది.

"ఈమె ఊపిరితిత్తులు మంచు కొట్టిన బంగాళాదుంపల్లాగున్నాయి. పైకి బాగానే కనపడతాయి, వేలితో నొక్కితే నీళ్ళు కారతాయి. గడ్డి మొలిచేదాకా మంచం దిగనివ్వకండి. చలిగాలి తగలకూడదు. పొగ అసలే కూడదు. మళ్ళీ తిరగబెట్టిందా, ఇక్కడికి తీసుకురావడం దండగ. నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

మెదెర్ తల ఊపాడు. అపా తల ఊపింది. అపా అంటే మా అత్తగారు. అమ్మ అని పిలిచినట్టే పిలుస్తాం. ఇద్దరూ ఎంత బాగా తల ఊపారంటే, విన్నారనే అనుకున్నాను.

కారు ఇంటి ముందు ఆగేసరికి గుమ్మం దగ్గర జోళ్ళు గుట్టపడి ఉన్నాయి. మంచు అంటిన జోళ్ళు, మడమలు అరిగిన జోళ్ళు, ఊళ్ళో ఎవరివి ఏవో చూడగానే చెప్పగలిగిన జోళ్ళు. అవి చూడగానే నా ఒళ్ళు మండింది. నన్ను చూడ్డానికి నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు.

లోపల పెద్దలు కూర్చునే పైవరసలో, దిండ్లకి ఆనుకుని, టోటు కూర్చుని ఉంది. మా మామగారికి అక్క. పెనిమిటి వైపు పెద్దల పేరు కోడలి నోట రాకూడదు, అందుకని ఆవిణ్ణి నేను ఏటవతలమ్మ అంటాను. ఇక్కడ మాత్రం టోటు అనే రాస్తాను. కోపానికి అంత మాత్రం హక్కు ఉంది.

"ఏమే పిల్లా, బతికావా?" అంది.

"బతికానమ్మా."

"ఏం బతకడంలే, మొహంలో నెత్తురు చుక్క లేదు. మా కోడలి చెల్లెలు కూడా అచ్చం ఇదే రంగులో ఇంటికొచ్చింది. శుక్రవారానికి పూడ్చిపెట్టాం." నా మొహం చూసి జాలిపడింది. "బెంగపడకు. దానికి గుండె కూడా మంచిది కాదులే."

"కుక్క కొవ్వు కరిగించి పాలల్లో ఇచ్చారా?" అంది పక్కనున్న ఆవిడ.

"పసుపు కుక్కదైతేనే పనిచేస్తుంది."

"పసుపు కుక్కలెక్కడివమ్మా? ఈ చలికాలం దెబ్బకి అన్నీ మందైపోయాయి."

అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. నవ్వు వెనకే దగ్గు వచ్చింది. తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని దగ్గు మింగాను. చుట్టాల ముందు కోడలు దగ్గుతుందా?

అపా నా పక్కకి వంగి మెల్లగా అంది. "జిపార్, బొంత మీద పడుకుందువుగానిలే తల్లీ. ముందు ఒక్క విడత టీ పొయ్యి. నువ్వు ఇంట్లో ఉండగా నేను పోస్తే బాగుండదు. కూర్చుని పొయ్యడమేగా."

కూర్చుని పొయ్యడమే. మెదెర్ కూడా ఒకసారి అన్నాడు, టీ పొయ్యడం కూడా ఒక పనేనా అని. గిన్నె అడుగున రెండు గుక్కలే పొయ్యాలి. తాగిన మనిషి గిన్నె చాస్తుంది, మళ్ళీ రెండు గుక్కలు. ఎన్నిసార్లు చాస్తే అంత మర్యాద జరిగినట్టు. గిన్నె నిండా పోశామంటే తాగేసి లేచి వెళ్ళమన్నట్టు. పగవాడికి కూడా అలా పొయ్యరు. కాబట్టి గది నిండా మనుషులుంటే కోడలి చెయ్యి ఆగదు, నడుము వాలదు. నీళ్ళు కాగే సమోవార్ అడుగంటితే దాన్ని ఎత్తుకుని బయటికి వెళ్ళాలి. మంచులో గొంతుక్కూర్చుని, చితుకులూ పిడక ముక్కలూ వేసి, మంట లేచేదాకా ఊదాలి. ఊదడానికి ఊపిరి కావాలి. నాకున్నది నాకే చాలడం లేదు.

మెదెర్ ఇంటికి చిన్నకొడుకు. తల్లి ఉన్న పొయ్యి చిన్నకొడుకుది, ఆ పొయ్యి ముందు కూర్చునే గౌరవం చిన్నకోడలిది. గౌరవం అనే అంటారు దాన్ని. నేను టీచరు చదువు చదివాను, ఊరి బళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దిస్తాను. సమోవార్ ముందు ఆ చదువు పిడకలో పిడక.

మర్నాడు మా వీధివాళ్ళు వచ్చారు. ఆ తర్వాత మసీదు వైపు వీధి. ఆ తర్వాత మా బడి టీచర్లు, బిస్కెట్ల పొట్లం పట్టుకుని. నన్ను చూడ్డానికి వచ్చారు గానీ నన్ను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎలా ఉన్నావని అడుగుతూనే గిన్నె చాచేవాళ్ళు. నేను జవాబు చెప్పేలోపు గొర్రెల ధర మీదికో, ఎవరి కొడుకు పెళ్ళి ఎందుకు చెడిందో దాని మీదికో మాట వెళ్ళిపోయేది. సగం మంది దగ్గుతూ వచ్చారు. "నాకూ కాస్త తగిలిందిలే, వేడి టీ పడితే పోతుంది" అంటూ వచ్చారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్కరూ మానకుండా అరచేతులు పైకెత్తి, నాకు నూరేళ్ళ ఆయుష్షు దీవించి, మొహం తడుముకుని లేచేవాళ్ళు. ఆ నూరేళ్ళూ వాళ్ళ ఎంగిలి గిన్నెలు కడగడానికే సరిపోతాయి.

సాయంత్రానికి నా గోళ్ళు నీలంగా తిరిగేవి. మెట్టు ఎక్కితే చెవుల్లో ఏరు హోరెత్తేది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న కొద్దిపాటి ఊపిరి రోజూ కొంచెం కొంచెం తరిగిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

అవి గొర్రెలు ఈనే రోజులు. మెదెర్ పగలంతా దొడ్లోనే ఉండేవాడు. జున్నుపాల వాసనతో, మోచేతుల దాకా అయోడిన్ మరకలతో తిండికి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం పట్టుకున్నాను.

"అమ్మకి చెప్పు. కొన్నాళ్ళు ఎవర్నీ రానివ్వొద్దని చెప్పు."

"ఎలా చెప్పను జిపార్? నాన్న పోయినప్పుడు వీళ్ళేగా గడ్డకట్టిన నేల తవ్వింది. తలుపు మూస్తే రేపు మనకి ఎవడొస్తాడు? ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో."

"ఓర్చుకోడానికైనా ఊపిరుండాలిగా."

"ఇంత మాట్లాడుతున్నావు, ఊపిరి లేకనా?" అని నవ్వాడు. సరసం అనుకున్నాడు. చేతిలో పాలగిన్నె ఉంది. నెత్తిన బోర్లించాలనిపించింది. చెయ్యి ఎత్తే ఓపిక లేక వదిలేశాను.

అపా చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నా కోపానికి దారి సులువుగా ఉండేది. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ గేటు బయట మంచులో నిలబడేది, లోపలికి రానివ్వరని తెలిసీ. గొర్రెతోకలో మెత్తని కొవ్వంతా నా పళ్ళెంలోనే వేసేది. ఊరి దీవెనలే నన్ను చావు నుంచి లాగాయని ఆవిడ నమ్మకం. గుమ్మం తొక్కిన ప్రతి మనిషీ నా ఆయుష్షుకి ఒక రాయి పేర్చి వెళుతున్నట్టే ఆవిడకి కనిపించేది. ఆ రాళ్ళన్నీ నా రొమ్ము మీదే పేరుస్తున్నారని ఎవరు చెప్పాలి?

అలా ఉండగా టోటు మళ్ళీ వచ్చింది. ఈసారి ఏటవతలి ఆడవాళ్ళందర్నీ వ్యానులో ఎక్కించుకుని వచ్చింది. పైవరసలో కూర్చోకముందే అపాని పేరు పెట్టి పిలిచి తీర్పు చెప్పేసింది.

"కల్బూబూ, పిల్ల లేచి తిరుగుతోందిగా! ఇంకా మొక్కు చెల్లించరేం? రేపు గొర్రెని కొయ్యండి. అటూ ఇటూ ఊళ్ళు పిలవండి. దేవుడు ప్రాణం ఇచ్చాక కృతజ్ఞత లేకుండా ఉంటే ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడు."

"నేనూ అదే అనుకుంటున్నా వదినా" అంది అపా, మొహం వెలిగిపోతూ. "జిపార్, సాయంత్రం బోర్సోక్‌లకి పిండి కలుపు తల్లీ. నూనెలో వేయించి పెద్ద బేసిన్ నిండా నింపాలి."

నేను సమోవార్ పక్కన మోకాళ్ళ మీద ఉన్నాను. "అపా, డాక్టరమ్మ..." అన్నాను.

"డాక్టరమ్మకేం తెలుసే" అంది టోటు. "అది మనకి చుట్టమా, పక్కమా? ఉండు, రోగం పోవడానికి అసలు ఇంటికి పొగే వెయ్యలేదు మీరు. అందుకే ఆ నీరసం." చేతిసంచిలోంచి ఎండిన ఆర్చా చెట్టు కొమ్మ తీసి పొయ్యిలో అంటించింది. చిటచిటమని పొగ లేచింది. ఆ కొమ్మని నా తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "అలాస్, అలాస్. వచ్చిన దారినే పో. రాళ్ళలోకి పో, నీళ్ళలోకి పో..."

చిన్నప్పటి నుంచీ ఆ వాసన నాకిష్టం. కొండమీది వేసవి వాసన అది. ఆ రోజు మాత్రం అది గొంతులోకి పిడికిలిలా దిగింది. దగ్గు మింగడానికి లేకపోయింది. ఒక దగ్గుకీ ఇంకో దగ్గుకీ మధ్య గాలి పీల్చుకునే సందు కూడా లేకపోయింది. కళ్ళముందు నల్లచుక్కలు ఎగిరాయి. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి తలుపు తీశాను. బయట చలి కత్తిలా ఉంది. లోపల పొగ, బయట మంచు. ద్వారబంధం పట్టుకుని గడప మీద వంగిపోయాను.

లోపల మాటలు ఆగలేదు.

"దగ్గనీ, దగ్గనీ. రోగం బయటికి పోతోంది" అంది టోటు.

"తలుపేసుకుని దగ్గు తల్లీ" అంది అపా. "చుట్టాలకి చలేస్తోంది."

ఆ ఒక్క మాటతో నాకు ఊపిరి వచ్చింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి ఇచ్చినదానికంటే ఎక్కువ వచ్చింది. తలుపు మూశాను. వెనక్కి వచ్చి సమోవార్ పక్కన కూర్చున్నాను.

"పిల్లా, గిన్నెలు ఎండిపోతున్నాయి" అంది టోటు, గిన్నె చాస్తూ.

అందుకున్నాను. డికాక్షన్ వేశాను, పాలు పోశాను, సమోవార్ కొళాయి తిప్పాను. రెండు గుక్కలు నిండాయి. కొళాయి కట్టలేదు. సగం నిండింది. కట్టలేదు. అంచు దాకా వచ్చి, ఇంకో చుక్క పడితే ఒలికిపోతుందన్నప్పుడు కట్టాను. కోడలు ఎలా ఇవ్వాలో అలాగే, రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, టోటు ముందు పెట్టాను.

చాచిన గిన్నెలు వెనక్కి వెళ్ళాయి.

టోటు గిన్నె వంక చూసింది. నా వంక చూసింది. పాపం, నాకో దారి కూడా ఇచ్చింది. "చెయ్యి జారిందా?"

"జారలేదమ్మా."

పక్కావిడ గిన్నె తీసుకుని నిండా పోశాను. ఆ పక్కావిడదీ. ఒక్కొక్కరి ముందూ పెట్టుకుంటూ వెళ్ళాను.

"దీనికి మతి పోయింది!" అపా లేచి నిలబడింది. "జ్వరం నెత్తికెక్కింది. ఏమీ అనుకోకండమ్మా, జ్వరం..."

"జ్వరం లేదపా. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి."

ఏటవతలి ఆడవాళ్ళు గిన్నెలు ముట్టుకోకుండా ఒకరి వెనక ఒకరు లేచి జోళ్ళు వెతుక్కున్నారు. టోటు మాత్రం కదల్లేదు. దిండుకి ఇంకాస్త ఆనుకుంది.

"నేను తాగను" అంది. "తాగితేగా లేవాలి. చూద్దాం, తమ్ముడింట్లోంచి నన్ను ఎవరు లేపుతారో."

ఆవిడ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. అపా మధ్యలో నిలబడి చేతులు నలుపుకుంది. గిన్నె మీద ఆవిరి పలచబడి ఆగిపోయింది. పైన పాలమీగడ ముడతలు పడింది. టోటు పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది, గెలిచాననుకుంది. నేను చెయ్యి చాచి ఆ గిన్నె తీసుకున్నాను. చల్లారిన టీ కుడితి బకెట్లో ఒంపాను.

"చల్లారిపోయిందమ్మా. వేడిది పోస్తాను."

మళ్ళీ అంచుదాకా పోసి పెట్టాను.

ఆ గిన్నె చల్లారేదాకా ఆవిడ ఆగలేదు. లేచేటప్పుడు మోకాలు తగిలి టీ సగం గుడ్డ మీద ఒలికింది. గుమ్మంలో నిలబడి అరచేతులు ఎత్తబోయి, ఎత్తకుండానే దించేసింది. "ఈ ఇంటికి నా దీవెన లేదు. గొర్రెని కొయ్యకండి. కోసినా తినేవాడు రాడు."

వ్యాను వెళ్ళిపోయాక అపా నన్ను తిట్టిన తిట్లు రాయను. సగం మా పుట్టింటికి చెందినవి. మిగతా సగం ఏడుస్తూ తిట్టింది, అర్థం కాలేదు. చివరికి ఫోను తీసి మెదెర్‌ని దొడ్లోంచి పిలిచింది. అతను వచ్చేలోపే, తప్పు ఒప్పుకోలుకి తెల్ల తలగుడ్డ ఒకటి, రొట్టెల మూట ఒకటి సిద్ధం చేసింది.

"ఇప్పుడే తీసుకెళ్ళు. నలుగురూ చూస్తుండగా వదిన గుమ్మం బయటే మూడుసార్లు వంగి దణ్ణం పెట్టాలి ఇది. రేపటికైతే ఊరంతా పాకుతుంది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మెదెర్ పాత కారు స్టార్ట్ చేసి, అది వేడెక్కేలోపు నా దగ్గరికి వచ్చాడు. నేను బొంత మీద గోడవైపు తిరిగి ఉన్నాను.

"లే జిపార్. వెళ్ళి వంగి వచ్చేద్దాం. ఎంతసేపు?"

"ఏటి గాలి ఎలా ఉందో తెలుసా?"

"కోటు కప్పుకో. ఏం చేశావో తెలుస్తోందా నీకు? అది మా నాన్న అక్క."

లేచి కూర్చున్నాను. "వస్తాను. ఒక్క పని చెయ్యి ముందు. రోజూ గొర్రెపిల్లల పక్కటెముకలకి చెవి ఆనించి వింటావు కదా, ఊపిరి చెడిందో లేదో తెలుసుకోడానికి. ఆ చెవి ఇటు పెట్టు. విన్నాక కూడా పదమంటే, వంగడం కాదు, ఆవిడ గుమ్మంలో పాకమన్నా పాకుతాను."

"ఏం మాటలవి? అమ్మ వింటుంది."

"విననీ."

వీపు మీది స్వెట్టర్ ఎత్తి అటు తిరిగాను. సిగ్గుపడ్డాడు. తలుపు వంక చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ తీసి, చెవి ఆనించాడు. చెవి మంచుగడ్డలా ఉంది.

"ఊపిరి తియ్యి."

తీశాను.

"వదులు. ఇంకోసారి."

తీశాను. కింద, నడుముకి పైన, ఇంకోచోట ఆనించాడు. వేడి పెనం మీద ఉప్పు చిటపటలాడే చప్పుడు నాకు లోపల్నుంచి ఎప్పుడూ వినపడుతూనే ఉంది. ఇప్పుడు అతనికీ వినపడింది. చెవి తియ్యడం మరిచిపోయినట్టు అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత నా స్వెట్టర్ కిందికి లాగి, బయటికి వెళ్ళాడు. కారు చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందిరా?" అంది అపా.

"రాదమ్మా."

"పెళ్ళాం ఏడిస్తే కరిగిపోయావా?"

"ఏడవలేదు. గొర్రెపిల్ల రొమ్ములో ఆ చప్పుడు వింటే ఆ క్షణమే మందలోంచి తీసేస్తాను. పొయ్యి పక్కన గడ్డి పరిచి, తల్లిని కూడా దగ్గరికి రానివ్వను. దీని చేత మనం సమోవార్ ఊదించామమ్మా."

అపా రొట్టెల మూట ముడి విప్పి మళ్ళీ కట్టింది. తర్వాత, తగ్గిన గొంతుతో, "మరి నా మొహం?" అంది.

"నీ మొహం నువ్వే తీసుకెళ్ళు. కారులో దింపుతాను."

"నీ కారు నాకొద్దు." తెల్లగుడ్డా, రొట్టెల మూటా తీసుకుని, తలుపు ధడేలున వేసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మంచు మీద ఆవిడ జోళ్ళ చప్పుడు వంతెన వైపు మళ్ళేదాకా విన్నాను. జాలి వేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు.

మెదెర్ వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "నాకు తెలీదు జిపార్."

"డాక్టరమ్మ చెప్పినప్పుడు తల ఊపింది ఎవరు?"

టోపీ చేతుల్లో తిప్పుకున్నాడు.

"నేను చెప్పాను. నవ్వావు. నా నోరు చెబితే వినపడలేదు, నా ఎముకలు చెప్పాలి నీకు. గొర్రెలకి నోరు లేదు, దేవుడు వాటిని చల్లగా చూశాడు."

"ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు."

"సమోవార్ ఎత్తి కొట్టంలో పడెయ్యి. కంచె తలుపుకి గడియ వెయ్యి. ఎవరైనా వస్తే నువ్వే చెప్పు. మా ఆవిడ రావొద్దంది అని కాదు. నేను రావొద్దన్నాను అని చెప్పు."

"సరే. తర్వాత?"

"తర్వాత నువ్వు కూడా బయటే ఉండు."

టోపీ పెట్టుకుని వెళ్ళాడు. సమోవార్ గడపకి తగిలి ఖంగుమంది. కాసేపటికి కంచె దగ్గర ఎవరో ఆడమనిషి గొంతు, మసీదు వైపు వీధిది, చీదుతూ, దగ్గుతూ.

"కోడలు ఎలా ఉంది బాబూ? చూసి పోదామని."

"బాలేదు. రావొద్దు. నేనే చెబుతున్నాను."

"అయ్యో, లోపలికెళ్ళి ఒక్క గిన్నె టీ తాగి..."

"టీ లేదు."

మా ఊళ్ళో ఆ మాట అన్న మగాడు అంతకుముందు లేడు. అతని మీద నా కోపం ఆ మాటతో పోలేదు. పోవాలని కూడా నాకు లేదు. పొయ్యిలో పిడక సర్దుకుని కూలింది. బొంత మెడ దాకా లాక్కున్నాను. లోపల్నుంచి దగ్గు తన్నుకొచ్చింది. తలగుడ్డ కొస కోసం అలవాటుగా లేచిన చెయ్యిని దించేసి, ఆ ఖాళీ ఇంట్లో, గోడలు అదిరేలా, తీరుబడిగా దగ్గాను.